తోక చీలిన పక్షి

పక్షి పేరు మొదట ఉరియామే చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది.

పొద్దు వాలుతోంది. రాత్రంతా చావగొట్టిన పడమటి గాలివాన తగ్గింది గానీ సముద్రానికి ఇంకా కోపం చల్లారలేదు. పడవలో నలుగురున్నారు. చుక్కాని తెడ్డు దగ్గర ముసలి సరంగు ఉరియామ్. నీళ్ళు తోడుతూ అతని కొడుకు బౌరో. తెరచాప తాడు పట్టుకుని సరంగు తమ్ముడి కొడుకు కోరు. ముందు కొసన, తడిసిన చాపల కట్టకి ఆనుకుని బౌరో భార్య రోతియా. బేరు దీవిలో రోతియా తండ్రిని మట్టిచేసి, నికునౌకి, తమ ఇంటికి తిరిగివస్తున్నారు. పెట్రోలు తెచ్చే ఓడ ఎప్పటినుంచో పత్తాలేదు కాబట్టి ఊళ్ళోవాళ్ళు పాత తెరచాప పడవని బయటికి తీశారు, దానితోపాటు పాత సరంగునీ తీశారు.

మామూలుగా ఒక పగలు, కొంత రాత్రి పట్టే దారి. వానలో దీవి ఎక్కడుందో ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. దీవిని దాటి వచ్చేశారా, ఇంకా రాలేదా? దాటి ఉంటే వెనక్కి, పడమరకి తిరగాలి. రాకపోయి ఉంటే తూర్పుకే పోవాలి. దాటిపోయాక కూడా తూర్పుకే పోతే ఇక అంతే. అటు ఎంత పోయినా నీళ్ళే.

అలాంటప్పుడు మా దీవులవాళ్ళు సాయంత్రం పక్షిని నమ్ముకుంటారు. ఇయో అని నెత్తిన తెల్లటోపీ పెట్టినట్టుండే ముదురు గోధుమరంగు పక్షి ఒకటి, మతావా అని తెల్లపిట్ట ఒకటి. పగలంతా సముద్రం మీద చేపలు పట్టుకుని, చీకటిపడేలోగా నేలమీది చెట్టుకి చేరుకుంటాయి. అవి పోయే దిక్కున నేల ఉంటుంది. పక్షిని సరిగ్గా గుర్తుపడితే చాలు.

ఉరియామ్‌కి ఆకాశంలో నల్లటి మచ్చ ఒకటి తూర్పుకి జరిగినట్టనిపించింది. అంతకుమించి ఏమీ కనపడలేదు. రెండేళ్ళుగా అతని కళ్ళకి పాలపొర కమ్ముతోంది. ఇంట్లో అడుగులు గుర్తుంచుకుని నడిచేవాడు, మనుషుల్ని గొంతుతో పోల్చుకునేవాడు, కల్లు ముంత ఎవరైనా చేతిలో పెట్టేదాకా వేరే పనేదో ఉన్నట్టు అటు తిరిగి కూర్చునేవాడు. పడవమీద అయితే ఇంకా తేలిక. అల ఎటునుంచి వస్తోందో వెన్నుకి తెలుస్తుంది, గాలి చెంపకి తెలుస్తుంది. కానీ రాత్రి గాలివాన అలలన్నిటినీ కలగాపులగం చేసేసింది. వెన్ను ఏమీ చెప్పడంలేదు. ఇక మిగిలింది పక్షే.

"ఇయో," అన్నాడు గట్టిగా. "తూర్పుకి పోతోంది. దీవి ఇంకా ముందే ఉంది."

"ఇయోనే పెదనాన్నా!" అన్నాడు కోరు ఊపిరి పీల్చుకుని. "నేను అన్నం వేళకి ఇంటికి పోయినట్టు ఎంత తిన్నగా పోతోందో చూడు!"

"అవును నాన్నా, ఇయోనే," అన్నాడు బౌరో.

రోతియా చెయ్యి అడ్డంపెట్టుకుని పైకి చూస్తోంది. "మామయ్యా, దాని తోక చూశారా? మధ్యకి బాగా చీలి..."

"రోతియా!" బౌరో నీళ్ళు తోడే చిప్ప పడవ అంచున కొట్టాడు. "కూర్చో. పడవమీద దారి సంగతి సరంగు ఒక్కడే మాట్లాడాలి. ఆమాత్రం తెలీదా?"

"నేను దారి సంగతి చెప్పలేదే. తోక సంగతి చెప్పా."

ఇయో తోక అలా చీలి ఉండదని ఉరియామ్‌కి తెలుసు. కానీ ఆ మచ్చకి తోక ఉన్నదీ లేనిదీ కూడా అతనికి కనపడలేదు. భయం దాచుకోవడానికి అతనికి ఎప్పుడూ ఒకటే మందు, వెటకారం. "మీ బేరులో తోక చూసి పేరు పెడతారు కాబోలు అమ్మాయ్. మా దగ్గర ముక్కు చూసి పెడతాం."

మగవాళ్ళిద్దరూ నవ్వారు. రోతియా కూర్చుంది. తండ్రిని పూడ్చి వస్తున్న పిల్లని అలా నలుగురిలో చులకన చెయ్యడం తప్పని ఉరియామ్‌కి ఆ నవ్వు మధ్యలోనే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాడు. పడవ తూర్పుకి సాగింది.

*

మర్నాడు నీళ్ళలో ఒక ఆకు లేదు, ఒక కొబ్బరి డొక్క లేదు. తేలేది ఏదైనా కనపడితే నేల దగ్గరని ఆశ పుడుతుంది. ఏదీ లేకపోవడమే పెద్ద కబురులా ఉంది. పడమటి గాలి పడిపోయి, ఎప్పుడూ వీచే తూర్పుగాలి సన్నగా మొదలైంది. దానికి ఎదురుగా పోవాలంటే తెరచాపని ఈ కొసనుంచి ఆ కొసకి మోసుకెళ్ళి కట్టాలి, కాసేపటికి మళ్ళీ ఇటు మోసుకురావాలి. కోరు, బౌరో పొద్దుటినుంచి అదే పని. తాళ్ళు రాసుకుని అరచేతులు ఎర్రబడ్డాయి. కోరు నోట హాస్యం ఆగిపోయింది. అది మంచి గుర్తు కాదు. కోరు చావింట్లో కూడా నవ్వించే మనిషి.

ప్లాస్టిక్ డబ్బాలో వాననీళ్ళు సగానికి దిగాయి. ఉడికించి తెచ్చిన చేమదుంపలు పులిసిపోయాయి. ఎండుచేప ఉంది గానీ తింటే దాహం. కొబ్బరిబోండాం ఒకటి కొట్టి నలుగురూ తలో గుక్క తాగారు.

రోతియా చంటిపిల్లని తోడికోడలి దగ్గర వదిలి వచ్చింది, రెండ్రోజుల్లో తిరిగి వెళ్ళిపోవచ్చని. ఇప్పుడు రొమ్ములు రాయికట్టాయి. మధ్యాహ్నం ఆమె చాపకట్ట వెనక్కి జరిగి, పడవ అంచుమీదకి వంగి పాలు సముద్రంలోకి పిండుకుంది. మగవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. ఉరియామ్ తిప్పుకోనక్కర్లేదు, అయినా తిప్పుకున్నాడు. ఆమె పళ్ళ బిగువున మూలగడం అతనికి వినపడింది. అక్కడ పిల్ల ఏడుస్తుంటుంది, ఇక్కడ పాలు చేపలపాలవుతున్నాయి, మధ్యలో నా కళ్ళు, అనుకున్నాడు. అంత స్పష్టంగా ఎప్పుడూ అనుకోలేదు.

"నాన్నా, ఈ పాటికి కనపడాలి కదా?" అన్నాడు బౌరో.

"గాలి ఎదురుగా ఉంది. కాస్త ఆలస్యమవుతుంది."

"అంతేలే."

బౌరో ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండునని మొదటిసారి అనిపించింది ఉరియామ్‌కి.

పొద్దు వాలే వేళకి మళ్ళీ పైన అలికిడి. ఈసారి మచ్చకంటే ముందు గొంతు వినపడింది. సన్నగా, సాగదీసి, బతిమాలినట్టు ఒక అరుపు. కాస్త ఆగి మళ్ళీ అదే. ఇయో గొంతు అలా ఉండదు. రాయిమీద రాయి రాసినట్టు గరగరమంటుంది. పైగా ఇంటికి పోయే ఇయో నోరెత్తదు. ఇది తిండి అడిగే గొంతు. సముద్రం మధ్యలో, రెక్కలొచ్చిన పక్షి ఎవరినో తిండి అడుగుతోంది.

"అదిగో, నిన్నటి ఇయోలే!" అన్నాడు కోరు. "తూర్పుకే పెదనాన్నా!"

"పొట్ట ఏ రంగు?"

"నీకు తెలీనిదా? ఇయో పొట్టేగా. గోధుమరంగే."

"నాకు తెల్లగా ఉన్నట్టుందిరా," అన్నాడు ఉరియామ్.

కోరు మళ్ళీ పైకి చూశాడు. "ఆ... అవును, కాస్త తెల్లగానే ఉంది. ఎండ పడి."

"బౌరో?"

"తెల్లగానే ఉంది నాన్నా."

ఉరియామ్ చేత్తో కుడివైపు, నీళ్ళమీదకి చూపించాడు. అక్కడ అతనికి ఏ మచ్చా కనపడలేదు, ఏ చప్పుడూ వినపడలేదు. "మరి ఆ కిందుగా పోయేది? అది ఏమంటారు?"

"అది... అది కూడా ఇయోనే," అన్నాడు కోరు.

"ఊఁ, ఇయోనే," అన్నాడు బౌరో.

నీళ్ళు పడవ అడుగుని తడుతున్నాయి. ఉరియామ్ ముందు కొసకి తల తిప్పాడు.

"అమ్మాయ్. నువ్వు చెప్పు."

రోతియా నిన్నటి వెటకారం మర్చిపోలేదు. "నన్ను మాట్లాడొద్దన్నారుగా."

"అన్నాం. ఇప్పుడు అడుగుతున్నాను. అక్కడ కిందుగా పోతున్నది ఏమిటి?"

"అక్కడేం లేదు మామయ్యా."

"ఏయ్!" అన్నాడు బౌరో.

"ఏం లేదండీ. నీళ్ళున్నాయి. మీకూ తెలుసు."

ఉరియామ్ తెడ్డు ఎత్తి పడవలో అడ్డంగా పెట్టేశాడు. సముద్రంమీద సరంగు అలా తెడ్డు వదిలెయ్యడం ఇద్దరు మగవాళ్ళూ ఎన్నడూ చూడలేదు. "తెరచాప దించండి," అన్నాడు. దించాక, గొంతు పెంచకుండా చెప్పాడు. "నాకు కళ్ళు లేవు. నిన్న నేను చూసింది నల్లమచ్చ. దానికి ఇయో అని పేరు పెట్టింది నా భయం."

ముందు తేరుకున్నది కోరు. "హాస్యమాడకు పెదనాన్నా. అది నా పని."

"నీ ముఖం కూడా నాకు మచ్చేరా. మాట్లాడితేనే నువ్వు."

బౌరో చేతిలో చిప్ప విసిరికొట్టాడు. అది తెడ్డుకి తగిలి పడవలోనే పడింది. "తెలిసీ పడవెక్కావా? మమ్మల్ని ఎక్కించుకున్నావా? ఇంట్లో చంటిపిల్ల ఉంది నాన్నా!"

"ఎక్కాను."

"ఎందుకు?"

"సరంగు కాకపోతే నేనెవర్ని రా? మూల కూర్చుని తాళ్ళు పేనుకునే ముసలోణ్ణి. అందుకు. నన్ను తిట్టు. తర్వాత తిట్టు. ముందు ఒకటి చెప్పు. నిన్న దాని తోక నువ్వు చూశావా లేదా?"

బౌరో తల వంచుకున్నాడు. "చీలినట్టే ఉంది. నువ్వు ఇయో అన్నావని..."

"నాక్కూడా అనుమానం వచ్చింది," అన్నాడు కోరు నెమ్మదిగా.

అనుమానం అందరికీ వచ్చింది, నోరు మాత్రం ఒక్క ఆడపిల్లకే పెగిలింది. ఆ నోరు ముగ్గురూ కలిసి మూయించారు. పెద్దవాళ్ళ మాటకి తలూపే మర్యాద మా దీవుల్లో చాలా ఉంది. నేలమీద అది ముచ్చటగానే ఉంటుంది. నీళ్ళమీద దాన్ని ఏమనాలో నాకు తెలియదు.

"అమ్మాయ్, దాని పేరు చెప్పకు," అన్నాడు ఉరియామ్. "పేరు నేను చూసుకుంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

రోతియా లేచి తెరచాప కొయ్య పట్టుకుంది. "రెండున్నాయి. ఎత్తుగా పోతున్నాయి, బాగా ఎత్తుగా. ఒకటి పెద్దది, వీపు బొగ్గు నలుపు, పొట్ట తెలుపు. రెండోది మొత్తం మసిరంగు. దాని వీపుమీద తెల్ల చుక్కలు, పిండి చల్లినట్టు. అదే అరుస్తోంది. పెద్దదాని వెనకాలే పోతోంది."

"తోక?"

"రెండిటిదీ చీలే ఉంది."

"మసిరంగుదానికి నెత్తిమీద తెల్లటోపీ ఉందా?"

"లేదు."

ఉరియామ్ కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే అతనికి బాగా కనపడింది. "కేయు. తల్లీ పిల్లా."

కేయు పెద్దదైతే పసిపిల్లలు కూడా గుర్తుపడతారు. పిల్ల కేయు మాత్రం దూరానికి అచ్చం ఇయోలా ఉంటుంది. కానీ రెండిటి బతుకూ వేరు. ఇయో ప్రతి సాయంత్రం ఇల్లు చేరుతుంది. కేయు పిల్ల రెక్కలొచ్చి గూడు వదిలిందంటే ఏళ్ళ తరబడి మళ్ళీ నేల తొక్కదు. ఎగురుతూనే తింటుంది, ఎగురుతూనే నిద్రపోతుంది, నీళ్ళమీద కూడా వాలదు. ఇల్లంటూ లేని పక్షి వెనకపడి వాళ్ళు ఇంటికి బయల్దేరారు.

"అంటే మనం దీవిని దాటొచ్చేశాం," అన్నాడు బౌరో.

"దాటొచ్చి ఉండొచ్చు. నా మాట అలాగే మింగెయ్యకు. రేపు పక్షిని అడుగుదాం."

*

తెల్లవారాక పడమరకి తిరిగారు. తూర్పుగాలి ఇప్పుడు వెనకనుంచి తోస్తోంది. పడవ తేలిగ్గా పోతోంది గానీ మనుషులు తేలిగ్గా లేరు. ఆఖరి బోండాం రోతియాకి ఇచ్చారు. ఆమె వద్దంటే కోరు, "తాగు వదినా. నీ కళ్ళు ఎండిపోతే మేం ఎవర్ని అడగాలి?" అన్నాడు. బౌరో పొద్దుటినుంచి తండ్రితో మాట్లాడలేదు. తెరచాప తాడు సరిచేసేటప్పుడు మాత్రం ఒకసారి, "నీళ్ళు తాగావా?" అన్నాడు. తాగలేదని తెలిసి డబ్బా తెచ్చి చేతిలో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మూశాడు. ఇన్నాళ్ళూ చెయ్యనివ్వని పని అది. ఉరియామ్‌కి ఏడుపొచ్చింది, నీళ్ళతోపాటు మింగాడు.

మధ్యాహ్నం దాటాక పక్షులు కనపడ్డాయి. ఉరియామ్ ఎవరినీ ఊహ చెప్పనివ్వలేదు.

"తెల్లవి," అంది రోతియా. "రెక్కల్లోంచి వెలుగు కనపడుతోంది. కళ్ళు పెద్దగా, నల్లగా. ఒకటి దక్షిణానికి పోతోంది. రెండు వాయవ్యానికి."

మతావాలు. ఉరియామ్ పేరు పైకి అనలేదు. తెడ్డుమీద అతని వేళ్ళు మాత్రం కదిలాయి. "దక్షిణానికి పోయేది ఎలా పోతోంది?"

"పైకీ కిందకీ. ఇప్పుడు ఆగింది. తల వంచి నీళ్ళలోకి చూస్తోంది."

"అది ఆకలిమీదుంది. దాన్నొదిలెయ్. ఆ రెండూ?"

"నీళ్ళకి దగ్గరగా పోతున్నాయి. తిన్నగా."

"తల?"

"ముందుకే. కిందకి చూడట్లేదు."

"నోట్లో ఏమైనా ఉందా?"

రోతియా చాలాసేపు చూసింది. కోరు పెదవులు కదిలాయి, చెప్పాలని ఉబలాటం. బౌరో అతని భుజం నొక్కాడు. నోట్లో చేప ఉంటే గూట్లో పిల్ల ఉన్నట్టు. పిల్ల ఉంటే నేల ఉన్నట్టు. ముగ్గురు మగవాళ్ళూ ఆమె నోటివంక చెవులప్పగించి కూర్చున్నారు.

"తెలియడంలేదు మామయ్యా," అంది రోతియా.

బేరు వదిలాక ఆ పడవలో ఆ మాట ఎవరి నోటా రాలేదు. ఉరియామ్‌కి అది వింటే ధైర్యం వచ్చింది. తెలియనిది తెలియదన్న మనిషి, తెలిసింది చెప్పినప్పుడు నమ్మొచ్చు.

"దగ్గరికొచ్చేదాకా చూడు. తొందరేం లేదు," అన్నాడు. ఉన్నదంతా తొందరే అయినా.

వెనకనుంచి ఇంకో మతావా వచ్చి పడవమీదుగా దాటింది. రోతియా దాని కింద నిలబడి తలెత్తింది. "ఉన్నాయి! చిన్న చేపలు. ముక్కుకి అడ్డంగా, రెండు పక్కలా తోకలు వేలాడుతున్నాయి. ఇదీ వాయవ్యానికే!"

"మతావా," అన్నాడు ఉరియామ్ అప్పుడు. "పడవ తిప్పండి."

ఆ సాయంత్రం పక్షులన్నీ అటే పోయాయి. మర్నాడు పొద్దున సముద్రం అంచున మేఘం అడుగు, కింద చెట్లున్నట్టు, పచ్చగా కనపడుతోందని రోతియా చెప్పింది. కాసేపటికి కొబ్బరిచెట్ల తలలు కనపడుతున్నాయంది. కోరు గట్టిగా ఏడుస్తూ అసభ్యమైన పాట ఒకటి ఎత్తుకున్నాడు. ఎవరూ వద్దనలేదు.

*

సముద్రం ప్రాణాలతో వదిలిపెట్టిన వాళ్ళకి నూనె రాసి, పూలదండ వేసి, మనేయాబాలో, అంటే ఊరి చావడిలో, కూర్చోబెట్టి కథ చెప్పించుకోవడం మా ఆచారం. చావడి పెద్ద కప్పు కింద ఊరంతా చేరింది. పెద్దలు వాళ్ళ వాళ్ళ వంశాల చోట్లలో కూర్చున్నారు. ఉరియామ్ సరంగుల చోట కూర్చున్నాడు. రోతియా పక్కనే, కప్పు చూరు కింద, చంటిదానికి పాలిస్తోంది. మొదట అది తల్లిని గుర్తుపట్టనట్టు ముఖం తిప్పుకుంది. ఇప్పుడు వదలడంలేదు.

కథ బౌరో చెప్పాడు. గాలివాన బాగా చెప్పాడు. దాహం బాగా చెప్పాడు. పక్షుల దగ్గరికొచ్చేసరికి గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు మా నాన్న మతావాని గుర్తుపట్టాడు. మేం బతికాం." అందులో అబద్ధం లేదు. కానీ కేయు మాట లేదు, రోతియా మాట లేదు. కోరు నేలకేసి చూస్తున్నాడు. చావడంతా మెచ్చుకోలుగా గొణిగింది.

ఊరి పెద్ద తబూయా చేతులు చాచాడు. "మా సరంగు ఉండగా మాకేం భయం? ఓడ వచ్చేదాకా పడవ నీదే. వచ్చే వారం బేరుకి పిల్లల్ని తీసుకుపోవాలి, బడి ఆటలకి. నువ్వే తీసుకెళ్ళాలి."

కొడుకు తన పరువు కాపాడాడని ఉరియామ్‌కి తెలుసు. ఊరుకుంటే చాలు, ఈ చోటు చచ్చేదాకా తనదే. ఊరుకోవాలని ఎంత ఆశగా ఉందో కూడా అతనికి తెలుసు. పిల్లల గోల చావడి బయట వినపడుతోంది.

"నేను చూడలేదు," అన్నాడు. "నాకు కళ్ళు కనపడవు. మొదట తప్పు పక్షి వెనక తిప్పి వీళ్ళని చంపబోయాను. చూసింది నా కోడలు."

క్షణం ఆగి చావడి నవ్వింది. పెద్దవాళ్ళు తమని తాము తగ్గించుకోవడం మా దగ్గర ఇంకో మర్యాద. "చూశారా వినయం!" అన్నాడు తబూయా. "అంతటి మనిషి కోడలికి పేరు కట్టబెడుతున్నాడు!" వెనకనుంచి ఎవరో, "ఈకకి ఈక లెక్కపెట్టే కళ్ళు గుడ్డివట!" అన్నారు. ఇంకా నవ్వారు. ప్రేమగానే నవ్వారు. ఉరియామ్‌కి మళ్ళీ ఆ పడవలోనే ఉన్నట్టు, ఎటు చూపిస్తే అటు ఇయో ఉందంటున్నట్టు అనిపించింది. బౌరో లేవబోయి కూర్చున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు ఉరియామ్.

"ఉన్నా మామయ్యా."

"వీళ్ళ ముఖాలు నాకు కనపడ్డంలేదు. ఎలా ఉన్నాయి?"

ఆడవాళ్ళు ఆ చావడిలో పెద్దల ఎదుట నోరు విప్పరు. రోతియా పిల్లని రొమ్ముమీదే పట్టుకుని లేచి నిలబడింది. ఒక చివరనుంచి ఇంకో చివరదాకా, కొయ్య పట్టుకుని పక్షుల్ని చూసినంత నిదానంగా చూసింది.

"నవ్వుతున్నారు మామయ్యా. మిమ్మల్ని నమ్మలేదు."

చూరుమీద గాలి తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఎవరూ నవ్వట్లేదు."